మంచును పక్కకు నెట్టడం వేరు, తీసుకెళ్లడం వేరు: మోంట్రియల్ అనుభవం చెప్పేదేమిటి?

శీతాకాలపు రాత్రి. మోంట్రియల్‌లోని ఒక నివాస వీధిలోకి కార్లను లాగుకెళ్లే వాహనం ప్రవేశించి గట్టిగా సైరన్ మోగిస్తుంది. అది అంబులెన్సు కాదు, పోలీసు వాహనమూ కాదు. వీధిలో నిలిపి ఉంచిన కార్లను వెంటనే తీయాలని, మంచు ఎత్తే యంత్రాలు వస్తున్నాయని చెప్పే ఆఖరి హెచ్చరిక అది. ఇళ్లలోని వారు కోటు తొడుక్కుని బయటికి పరుగెత్తుతారు. ఆలస్యమైతే కారు మరో వీధికి చేరుతుంది, యజమాని జరిమానా చెల్లించాలి. నగరవాసులు విసుక్కుంటారు, కానీ ఆ సైరన్ వినిపించని వీధిలో ఉండేవారు అంతకంటే ఎక్కువ విసుక్కుంటారు. తమ వంతు ఇంకా రాలేదని దానర్థం.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో అతి పెద్ద నగరం మోంట్రియల్. అక్కడ ఏటా సుమారు 2 మీటర్ల మంచు కురుస్తుంది. అంతకంటే ఎక్కువ మంచు కురిసే నగరాలు ప్రపంచంలో ఉన్నాయి. అయితే ఇంత పెద్ద నగరంలో దాదాపు అన్ని వీధుల నుంచి మంచును ఎత్తి, లారీలలో వేరేచోటికి తరలించే పద్ధతి అరుదు. చాలా నగరాలు మంచును రోడ్డు అంచుకు నెట్టి, కరిగే దాకా వేచి చూస్తాయి. మోంట్రియల్ అలా వేచి చూడలేదు. చలి వారాల తరబడి సున్నా డిగ్రీల కిందే ఉండే ఆ నగరంలో నెట్టిన మంచు తనంతట తాను పోదు. తర్వాతి తుపానులో దానిపై మరో పొర చేరుతుంది.

రెండు పనులు, రెండు మాటలు

తెల్లవారుజామున గడ్డిపై పడే బిందువులనూ, దారి కనబడనీయని పొగమంచునూ, ఆకాశం నుంచి రాలే హిమాన్నీ తెలుగులో 'మంచు' అనే ఒక్క మాటతోనే చెప్పుకుంటాం. ఆ మంచును తొలగించడానికీ మనకు ఒకే మాట చాలు. ఫ్రెంచి మాట్లాడే మోంట్రియల్‌లో అలా కుదరదు. రోడ్డు మీది మంచును అంచుకు నెట్టడం 'డెబ్లేమాఁ', అలా నెట్టిన మంచును లారీలకు ఎత్తడం 'షార్జ్‌మాఁ'. ఈ తేడా కేవలం భాషకు సంబంధించింది కాదు. నగరం సమర్థంగా పనిచేస్తోందా లేదా అన్నది చాలావరకు ఈ రెండింటి మధ్య గడిచే రోజులను బట్టే తెలుస్తుంది.

నగరపాలక సంస్థ ఈ పనిని 4 దశలుగా విభజించుకుంది. మొదటిది, జారకుండా ఉప్పు గానీ రాతిపొడి గానీ చల్లడం. ఉప్పు నీటి ఘనీభవన స్థానాన్ని తగ్గించి మంచును కరిగిస్తుంది. ఉష్ణోగ్రత సుమారు మైనస్ 15 డిగ్రీల కంటే దిగజారితే ఉప్పు ప్రభావం బాగా తగ్గిపోతుంది, అప్పుడు సన్నని రాతిముక్కలు చల్లుతారు. అవి మంచును కరిగించవు, కాలికి పట్టు మాత్రం ఇస్తాయి. రెండో దశ నెట్టడం. సుమారు 2.5 సెంటీమీటర్ల మంచు పేరుకోగానే ఇది మొదలవుతుంది. మూడో దశ లారీలకు ఎత్తడం. మొత్తం 10 నుంచి 15 సెంటీమీటర్లు చేరాకే దీనికి ఆదేశం వెలువడుతుంది. నాలుగోది, తెచ్చిన మంచును వదిలించుకోవడం.

మూడో దశకు ఆధారమైన యంత్రం కూడా ఆ ప్రాంతం నుంచే వచ్చింది. ఆర్థర్ సికార్ 1925లో రూపొందించిన మంచు విసిరే యంత్రాన్ని 1927లో ఔత్రెమాఁ పట్టణం కొనుగోలు చేసింది. నేడు ఆ పట్టణం మోంట్రియల్‌లో ఒక విభాగం. తిరిగే మరలతో మంచును లోపలికి లాగి, గొట్టం గుండా పక్కనే కదులుతున్న లారీలోకి చిమ్మే యంత్రాలు ఇప్పటికీ అదే సూత్రంపై పనిచేస్తున్నాయి. లారీ నిండగానే వెనుక ఉన్న మరో లారీ ఆ స్థానంలోకి వస్తుంది. ఆ వరుసకు ఒక్క కారు అడ్డుపడినా అంతా ఆగిపోతుంది. అందుకే నారింజ రంగు బోర్డులు, పార్కింగ్ నిషేధ వేళలు, సైరన్లు. ఏ వీధిలో ఏ వైపు పని ఎప్పుడు జరుగుతుందో 'ఇన్ఫో-నేజ్' అనే మొబైల్ యాప్ ద్వారా కూడా తెలుసుకోవచ్చు.

ఎంత మంచు, ఎక్కడికి?

నగరం శుభ్రం చేయాల్సిన వీధులు, కాలిబాటలు, సైకిల్ దారుల నిడివి సుమారు 10,000 కిలోమీటర్లు. అందులో సగానికి మించి కాలిబాటలే. సగటు సంవత్సరంలో తరలించే మంచు దాదాపు 1.2 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 3 లక్షల లారీల సరుకు. అప్పుడే రాలిన మంచు తేలిక, ఘనపు మీటరుకు 100 కిలోలకు మించదు. యంత్రాలు నెట్టి, చక్రాలు తొక్కి, కొంత కరిగి మళ్లీ గడ్డకట్టాక అదే పరిమాణం 400 కిలోల పైమాట. ఆలస్యమైన కొద్దీ పని కష్టమవడానికి కారణం ఇదే. సుమారు 20 సెంటీమీటర్ల మంచు పడితే, ఎత్తివేత పూర్తికావడానికి నాలుగైదు రోజులు పడుతుంది.

ఒకప్పుడు మంచును నేరుగా సెయింట్ లారెన్స్ నదిలోకి తోసేవారు. వీధి మంచులో ఉప్పు, నూనె, చెత్త, లోహపు పొడి కలిసి ఉంటాయి. అది నదిని కలుషితం చేస్తుందని గుర్తించాక పర్యావరణ నిబంధనలతో ఆ పద్ధతిని ఆపేశారు. ఇప్పుడు దాదాపు 28 చోట్ల మంచును పారబోస్తారు. వాటిలో కొన్ని భూగర్భ మురుగు కాలువలపై తెరిచిన రంధ్రాలు. మురుగునీటి వెచ్చదనానికి కరిగిన మంచు శుద్ధి కేంద్రానికి చేరుతుంది. మిగతావి బహిరంగ స్థలాలు. వాటిలో అతి పెద్దది సెయింట్ మిషెల్ ప్రాంతంలోని ఫ్రాంకాఁ అనే పాత సున్నపురాయి గని. అక్కడ పోగైన మంచుకొండ వేసవిలోనూ కనబడుతుంది.

ఎవరి దారి ముందు?

ఇన్ని వేల కిలోమీటర్లను ఒకేసారి శుభ్రం చేయడం ఏ నగరానికీ సాధ్యం కాదు. కాబట్టి వరుసక్రమం తప్పదు. ఆ వరుసను నిర్ణయించేటప్పుడే నగరం ఎవరిని ముందు గుర్తుచేసుకుంటుందో బయటపడుతుంది.

మోంట్రియల్‌లో ప్రధాన రహదారులు, బస్సు దారులు, ఆసుపత్రులు, పాఠశాలలు, మెట్రో స్టేషన్ల పరిసరాలు మొదటి శ్రేణిలో ఉంటాయి. ఆ తర్వాత చిన్న బస్సు మార్గాలు, రద్దీ వీధులు, చివరగా నివాస వీధులు. నగరంలోని 19 విభాగాలు ఒకప్పుడు ఎవరికి తోచినట్లు అవి నిర్ణయం తీసుకునేవి. ఒక వీధి శుభ్రంగా ఉండి, విభాగం సరిహద్దు దాటగానే మంచు గుట్టలు ఎదురయ్యేవి. 2015లో నగరమంతటికీ ఒకే విధానం తెచ్చి, ఎత్తివేతకు ఆదేశమిచ్చే అధికారాన్ని కేంద్ర యంత్రాంగానికి అప్పగించారు.

మరో ముఖ్యమైన తేడా కాలిబాటలది. న్యూయార్క్, షికాగోలలో ఇంటి ముందరి కాలిబాటను శుభ్రం చేయవలసింది చట్టం ప్రకారం ఇంటి యజమానే. యజమాని ఊళ్లో లేకున్నా, వృద్ధుడైనా, నిర్లక్ష్యం చేసినా ఆ నడిదారి అక్కడే తెగిపోతుంది. మోంట్రియల్ ఆ బాధ్యతను తానే తీసుకుంది. కాలిబాట వెడల్పుకు సరిపోయే చిన్న ట్రాక్టర్లను ప్రత్యేకంగా నడుపుతుంది. చక్రాల కుర్చీలో వెళ్లేవారికి, చంటిబిడ్డను బండిలో తోసుకెళ్లే తల్లికి, చేతికర్రతో బస్సు స్టాపుకు చేరవలసిన పెద్దమనిషికి ఇది చిన్న విషయం కాదు.

స్వీడన్‌లోని కార్ల్‌స్కూగా పట్టణం గత దశాబ్దం ఆరంభంలో ఈ ప్రశ్నను మరో వైపు నుంచి చూసింది. కార్లు వెళ్లే పెద్ద దారులను ముందు శుభ్రం చేస్తే ఎక్కువ లాభపడేది పురుషులని, నడిచి, బస్సెక్కి వెళ్లేవారిలో మహిళలు ఎక్కువని అక్కడి అధికారులు గమనించారు. ఆ మేరకు కాలిబాటలకు, సైకిల్ దారులకు ప్రాధాన్యం పెంచారు. కొద్దిపాటి మంచులో కారు వెళ్లగలదు, మనిషి జారిపడతాడు.

వరుస తప్పితే ప్రజలు క్షమించరని షికాగో 1979లో చూపింది. ఆ జనవరిలో అప్పటికే నేలపై ఉన్న మంచుపై మరో అర మీటరు పడింది. వీధులు రోజుల తరబడి మూసుకుపోయాయి. నగర రైళ్లు నల్లజాతీయులు నివసించే ప్రాంతాల స్టేషన్లలో ఆగకుండా వెళ్లాయి. ఫిబ్రవరి చివరలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వ ఎన్నికలో మేయర్ మైకేల్ బిలాండిక్ ఓడిపోయారు. గెలిచిన జేన్ బైర్న్ ఆ నగరానికి తొలి మహిళా మేయర్ అయ్యారు.

మోంట్రియల్ తడబడిందెక్కడ?

ఇంత ఏర్పాటు ఉన్నా మోంట్రియల్ నిర్దోషి కాదు. 2025 ఫిబ్రవరి 13న ఒక తుపాను, 16న మరొకటి వచ్చాయి. నాలుగు రోజుల్లో 70 సెంటీమీటర్లకు పైగా మంచు కురిసింది. మొదటిది ఎత్తక ముందే రెండోది మీద పడింది. లారీలు, యంత్రాలు, మనుషులు సగటు శీతాకాలానికి సరిపోయే లెక్కతో ఉంటారు, సగటును మించితే అదనంగా తెచ్చుకునే వీలు వెంటనే ఉండదు. నాలుగైదు రోజుల పని వారం దాటిపోయింది. కాలిబాటలు గుట్టల కింద కూరుకుపోయి, జనం కార్లతో పాటు రోడ్డు మీద నడవాల్సి వచ్చింది.

రెండో బలహీనత డబ్బుకు సంబంధించినది. ఇటీవలి బడ్జెట్లలో మంచు తొలగింపునకు ఏటా సుమారు 20 కోట్ల కెనడా డాలర్లు కేటాయిస్తున్నారు. ఈ పనిలో చాలా భాగం ప్రైవేటు గుత్తేదారులది. గుత్తేదారులు కుమ్మక్కై ప్రాంతాలను పంచుకున్న తీరును నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2015, 2016లలో వెలువరించిన నివేదికలలో బయటపెట్టింది. పని బాగా జరుగుతున్నట్లు కనబడే చోట కూడా పన్ను చెల్లింపుదారు అధికంగా మూల్యం కట్టే ప్రమాదం ఉంటుందని ఆ ఉదంతం తెలిపింది.

మూడోది వాతావరణానిది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులలో కాలిబాటలు అద్దంలా మారతాయి. మంచు ఎత్తే యంత్రాలు ఈ పలుచని గట్టి పొరను తీయలేవు. అప్పుడు ఆసరా మళ్లీ ఆ రాతిపొడే.

శ్రీనగర్‌కు పనికొచ్చేదేమిటి?

మన దేశంలో ఈ ప్రశ్న ఏటా శ్రీనగర్, సిమ్లా వంటి నగరాల ముందు నిలుస్తుంది. కశ్మీర్‌లో డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజుల తీవ్ర చలికాలాన్ని 'చిల్లై కలాన్' అంటారు. అక్కడ కూడా ఆసుపత్రులకు, నీటి సరఫరా, విద్యుత్ కేంద్రాలకు వెళ్లే రహదారులకు తొలి ప్రాధాన్యం ఉంది. పెద్ద రోడ్ల పని మెకానికల్ ఇంజినీరింగ్ విభాగానిది, లోపలి సందుల పని నగరపాలక సంస్థది. గ్రామాల నుంచి గర్భిణులను మంచాలపై, భుజాలపై మంచులో మోసుకెళ్లిన వార్తలు భారీ హిమపాతం కురిసిన ప్రతిసారీ వస్తూనే ఉంటాయి. పెద్ద రోడ్డు తెరుచుకున్నా, ఇంటి నుంచి ఆ రోడ్డు దాకా ఉన్న దారి తెరుచుకోకపోతే ఫలితం ఇదే.

మోంట్రియల్ యంత్రాలను, బడ్జెట్‌ను శ్రీనగర్ అరువు తెచ్చుకోలేదు. ఇరుకు సందుల్లో ఆ లారీలు పట్టవు కూడా. తెచ్చుకోగలిగినవి మూడు ఉన్నాయి. మంచు ఎన్ని సెంటీమీటర్లు దాటితే ఏ పని మొదలవుతుందో ముందుగానే ప్రకటించడం. ఏ వీధి వంతు ఎప్పుడో పౌరులకు తెలియజేయడం. కాలిబాటలను రోడ్డుతో పాటు లెక్కలోకి తీసుకోవడం.

ఒక నగరం మంచును ఎంత బాగా తొలగిస్తుందో తెలుసుకోవడానికి తుపాను మర్నాటి ఉదయం ప్రధాన రహదారిని చూస్తే చాలదు. అయిదో రోజున చివరి వీధిలోని కాలిబాటపై ఒక వృద్ధురాలు ఎవరి చేయీ పట్టుకోకుండా మందుల దుకాణానికి వెళ్లి రాగలదా అన్నది చూడాలి.