యంత్రాల సంభాషణ

చదరపు పలుకుగా మన చేతికి వచ్చే చిప్పు, గుండ్రని సిలికాన్ పలకగా ఉన్నప్పుడు వందలాది ప్రక్రియలకు లోనవుతుంది. ఒక యంత్రం పూత పూస్తుంది. ఒకటి వెలుగుతో రేఖలు ముద్రిస్తుంది. మరొకటి అక్కరలేని భాగాన్ని తొలిచివేస్తుంది. అమెరికాలో ఒకటి, జపానులో ఒకటి, హాలెండులో ఒకటి పుట్టిన ఈ యంత్రాలన్నిటినీ ఒకే హోస్టు కంప్యూటరు నడపవలెనంటే ఉమ్మడి భాష ఉండాలి గదా! అది లేకున్న యంత్రానికొక దుబాసీని కుదుర్చుకోవలసిందే.

ఈ చిక్కు విప్పడానికి సెమీ అనే పారిశ్రామిక సంఘం 1980లో ఎస్.ఇ.సి.ఎస్.-1ను, 1982లో ఎస్.ఇ.సి.ఎస్.-2ను ప్రకటించింది. తీగమీద అక్షరాలు సాగే తీరును మొదటిది నిర్ణయించింది, రెండవది వ్యాకరణం. ఇందులో బేసి సంఖ్య గల సందేశం పలకరింపు, దాని తరువాతి సరిసంఖ్య ప్రత్యుత్తరం. మొదటి వర్గంలో మొదటి సందేశానికి అర్థం 'ఉన్నావా?' అని, రెండవదానికి 'ఉన్నాను' అని. బడిలో హాజరు పిలిచినట్లే! నియమితకాలంలో, సాధారణంగా 45 సెకనులలో, బదులు రాకపోతే ఆ సంభాషణ విఫలమైనట్లే లెక్క. ప్రమాద సూచనలకు అయిదవ వర్గం ప్రత్యేకం.

తీగ ఒక్కటే, ఇద్దరూ ఒక్కసారే నోరు విప్పితే? హోస్టు ఆగాలి, యంత్రం మాట్లాడాలి అన్నది ఎస్.ఇ.సి.ఎస్.-1 నియమం. హోస్టు అంటే ఆతిథేయి; అతిథికి తోవ ఇవ్వడం అతనికి చిన్నతనం కాదు. పైగా ఇది న్యాయం కూడా. ఆవిరి వేడెక్కినా, వాయువు తగ్గినా ముందుగా ఎరిగేది యంత్రమే.

1990ల తొలి సంవత్సరాలలో వచ్చిన జెమ్ ప్రమాణం మరొక ప్రశ్నకు పూనుకొన్నది: అధికారం ఎవరిది? హోస్టు తప్పుడు విధానాన్ని ఎన్నుకొన్నదనుకొందాం. పెట్టెలోని 25 పలకలూ, వాటిపై వారాల తరబడి సాగిన శ్రమా చెత్తబుట్ట పాలు. కనుక యంత్రం వద్ద నిలిచిన మనిషి దానిని స్థానిక స్థితికి మార్చుకొనవచ్చును. అప్పుడు హోస్టుకు సమాచారం అందుతూనే ఉంటుంది. పని మొదలుపెట్టమని ఆజ్ఞాపించే వీలు మాత్రం ఉండదు. మొత్తం ప్రమాణంలో ఇంతకంటె మానవీయమైన ఏర్పాటు కనిపించదు. చూసే హక్కు వేరు, శాసించే హక్కు వేరు అన్న వివేకం ఇందులో ఉన్నది.

1990ల నడుమ హెచ్.ఎస్.ఎం.ఎస్. వచ్చి, నిదానపు తీగకు బదులు వేగవంతమైన నెట్‌వర్కును తెచ్చింది. ఇరువురూ ఏకకాలంలో మాట్లాడగలిగినందున తోవ ఇచ్చే నియమం అవసరం లేకపోయింది. 'ఉన్నావా?' అన్న పలకరింపు మాత్రం నేటికీ చెల్లుతూనే ఉన్నది.