రాతకు బిరుదు, గీతకు కూలి

పిల్లలు పుస్తకాన్ని ముందు చదివేది బొమ్మల్లోనే. అయినా కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారం రచయితకే; చిత్రకారుడికి అందులో చోటు లేదు. రాతకు గౌరవం, చేతిపనికి కూలి అన్నది కులవ్యవస్థ నేర్పిన పాత లెక్క.

చెన్నైకి చెందిన తారా బుక్స్ ఈ లెక్క తప్పించింది. 2008లో ఇటలీలోని బొలోన్యా పురస్కారం పొందిన ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’కు కర్తలు గోండు ఆదివాసీ చిత్రకారులు భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి.

అదే ఏడాది మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. తిరుపతిలో నా విద్యార్థులను నేనడిగేది ఒక్కటే: కళాశాలలో నేర్చినవారు గీస్తే కళ, పనివాడలో నేర్చినవారు గీస్తే వృత్తి ఎలా అవుతుంది? అట్టపై పేరు, రాయల్టీలో వాటా, పురస్కారంలో సమభాగం: ఇవి దయ కాదు, హక్కు.