బండి భాగాలకు పొడి పూత.. ఇంట్లో ఎంతవరకు?

శ్రీరాంపూర్: గని ముందు స్టాండులో ఒక షిఫ్టంతా నిలిచిన మోటార్‌సైకిల్‌ను చేత్తో తుడిస్తే అరచేయి నల్లబడుతుంది. ఆ పొడి మీద వానాకాలపు తేమ చేరితే త్వరగా ఆరదు. ఇనుమును అంటిపెట్టుకునే ఉంటుంది. సైడ్ స్టాండు మూలల్లో, ఫుట్‌రెస్టు అతుకుల వద్ద, వెనుక మడ్‌గార్డు లోపలి వైపున మొదట రంగు పొంగుతుంది, తరవాత పెచ్చులూడుతుంది. ఆపైన మిగిలేది తుప్పే. స్ప్రే డబ్బాతో కొట్టిన రంగు ఇక్కడ రెండు వానాకాలాలు నిలిస్తే గొప్ప.

పాత యమహా ఆర్‌ఎక్స్ 100లను, యెజ్డీలను, తొలినాటి స్ప్లెండర్లను ముద్దుగా చూసుకునే వారి దృష్టి పౌడర్ కోటింగ్‌పై పడటం అందుకే సహజం. ఒక చిన్న గన్, కిలో పొడి, పాత ఓవెన్ ఉంటే ఇంట్లోనే పని అయిపోతుందన్న మాట వినిపిస్తోంది. అది సగమే నిజం. చిన్న భాగాలకు ఇంట్లో పూత వేసుకోవచ్చు. అయితే ఆ పూతను నిలబెట్టేది గన్ కాదు. దానికి ముందు చేసే శుభ్రత, దాని తరవాత లోహానికి అందే వేడి. ఇక పొడి, వేడి.. ఈ రెండూ ఇంట్లో వాళ్లకు హాని చేయగలవన్న సంగతిని చాలామంది పట్టించుకోవడం లేదు.

థిన్నర్ లేని రంగు

మామూలు రంగును థిన్నర్‌లో కలిపి కొడతాం. థిన్నర్ ఆవిరైపోతే రంగు మిగులుతుంది. పొడి పూతలో థిన్నర్ అసలు ఉండదు. పాలిస్టర్ లేదా ఎపాక్సీ అనే రెజిన్‌ను రంగుతోనూ, గట్టిపరిచే రసాయనంతోనూ కలిపి కరిగించి, చల్లార్చి, మైదాలా మెత్తగా పొడి చేస్తారు. ఒక్కో రేణువు సగటున 30 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. గన్ కొసన ఉండే అధిక వోల్టేజీ ఆ రేణువులకు విద్యుదావేశాన్ని ఇస్తుంది. కార్ఖానాల్లో వాడే గన్లలో అది 60 నుంచి 100 కిలోవోల్టుల వరకు ఉంటుంది. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాక్కున్నట్టే, ఎర్త్ చేసిన ఇనుము ఆ రేణువులను లాక్కుంటుంది. తరవాత వేడి చేస్తే పొడి కరిగి, పరుచుకుని, రసాయన చర్య జరిగి గట్టి పొరగా మారుతుంది. ఆ పొర మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు.

ఈ పద్ధతికి మూలం జర్మనీ. ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన 1950వ దశకంలో, వేడి చేసిన వస్తువును పొడిలో ముంచి పూత పట్టించే విధానాన్ని రూపొందించారు. గన్‌తో చిమ్మే విధానం 1960వ దశకంలో వ్యాప్తిలోకి వచ్చింది.

పొడి కొనేటప్పుడు ఎపాక్సీయా, పాలిస్టరా అని తప్పక అడగాలి. ఎపాక్సీ గట్టిదే కానీ ఎండకు వెలిసి, పైన సుద్దలా తేలుతుంది. మన ఎండల్లో తిరిగే బండికి పాలిస్టరే సరైనది. కొన్ని పాలిస్టర్ పొడుల్లో టీజీఐసీ అనే విషపూరిత రసాయనం ఉంటుంది. అది లేదని సంచిపై ముద్రించిన రకాన్నే ఎంచుకోవాలి.

కడగడమే అసలు పని

పొడి పూతకు ఒక చెడ్డ గుణం ఉంది. కింద తుప్పు గానీ, గ్రీజు గానీ మిగిలితే పైకి కనబడనీయదు. కొత్తగా ఉన్నప్పుడు నిగనిగలాడుతుంది. ఎక్కడో రాయి తగిలి చిన్న పగులు ఏర్పడగానే తేమ లోపలికి దిగి, పొర కిందుగా పాకుతుంది. ఆరు నెలలకు అరచేయంత పెచ్చు ఒక్కసారిగా ఊడి వస్తుంది. పూత నిలవలేదని పొడిని తిట్టుకునే చాలా సందర్భాల్లో లోపం కడగడంలోనే ఉంటుంది.

గ్రీజును కిరోసిన్‌తో వదిలించాక ఆ కిరోసిన్ జిడ్డును కూడా సబ్బు నీటితో వదిలించాలి. ఈ రెండో మెట్టునే ఎక్కువమంది దాటేస్తారు. పాత రంగును, తుప్పును వైర్ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో తెల్లని ఇనుము కనిపించేదాకా తీయాలి. ఆ తరవాత ఫాస్ఫేట్ ద్రావణం పూస్తే ఇనుముపై సన్నని పొర ఏర్పడి, పూతకు పట్టు దొరుకుతుంది, తుప్పు పాకడం తగ్గుతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో తుప్పు తీసే అలవాటు మంచిది కాదు. యాసిడ్ మిగిలితే గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. స్ప్రింగులు, గట్టి బోల్టులు యాసిడ్ తగిలాక పెళుసెక్కి విరగవచ్చు. కడిగిన భాగాన్ని ఉత్త చేత్తో ముట్టుకోరాదు. మే నెల చెమట చేతి ముద్ర ఒక్కటి చాలు, పూత అక్కడ పట్టు కోల్పోతుంది.

తుప్పు తీయడానికి కంప్రెసర్‌తో ఇసుక కొట్టడం మరో పద్ధతి. గోదావరి పక్కనే ఉన్నందున ఇసుకకు కొదవ లేదు. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. ఇసుక రేణువు పగిలినప్పుడు వెలువడే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. బ్రిటన్ ఈ పనికి ఇసుక వాడకాన్ని 1950లోనే నిషేధించింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. గనిలో దుమ్ముకు భయపడి మాస్కు పెట్టుకునే మనిషి, ఇంటి వెనుక ముఖానికి దస్తీ కట్టుకుని ఇసుక కొట్టడం విచిత్రమే. దస్తీ ఆ ధూళిని ఆపలేదు. గార్నెట్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ రేణువులను, మూసిన పెట్టెలో, తగిన మాస్కుతో మాత్రమే వాడాలి.

ఎర్త్ లేకుంటే పొడి నిలవదు

భాగాన్ని తీగకు వేలాడదీసి, ఆ తీగకు గన్ నుంచి వచ్చే ఎర్త్ క్లిప్పు తగిలిస్తారు. మొదటిసారి చక్కగా పట్టిన పొడి రెండోసారి జారిపోతోందంటే కారణం చాలాసార్లు ఆ కొక్కెమే. దాని మీద కూడా పూత కాలి, ఇనుముకు ఇనుము తగలక ఎర్త్ తెగిపోయి ఉంటుంది. ప్రతిసారీ కొక్కేన్ని గీకాలి. లోతైన మూలల్లోకి పొడి వెళ్లదు. అంచులే దాన్ని లాగేసుకుంటాయి. కనుక మూలలకు ముందు కొట్టి, ఆ తరవాత బయటి వైపునకు రావాలి. ఓవెన్‌లో పెట్టక ముందు పూత నచ్చకపోతే గాలితో ఊదేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కాలిన తరవాత ఆ వీలు లేదు.

పొడికి తేమ పడదు, ఎండా పడదు. వర్షాకాలంలో కంప్రెసర్ గాలితో పాటు నీటి తుంపర వచ్చి పొడి ఉండలు కడుతుంది. వేసవిలో రేకుల షెడ్డులో పెట్టిన డబ్బాలో గడ్డకడుతుంది. మన ప్రాంతంలో ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనువైన కాలం.

వేడి లెక్క ఓవెన్‌ది కాదు, ఇనుముది

పొడి సంచిపై 200 డిగ్రీల వద్ద 10 నిమిషాలు, లేదా 180 వద్ద 20 నిమిషాలు అన్నట్టు రాసి ఉంటుంది. రకాన్ని బట్టి అంకెలు మారతాయి. ఓవెన్ ముల్లు 200 చూపగానే గడియారం చూసుకోవడం పొరపాటు. ఆ వేడిని ఇనుము అందుకున్న క్షణం నుంచే సమయాన్ని లెక్కించాలి. పలుచని రేకు త్వరగా వేడెక్కుతుంది, కిక్ రాడ్ వంటి గట్టి కడ్డీకి చాలాసేపు పడుతుంది. లేజరు చుక్కతో వేడి కొలిచే థర్మామీటరు పూత వేసిన భాగంపై సరిగ్గానే చూపుతుంది కానీ, మెరిసే ఉత్త లోహంపై తప్పు చూపుతుంది. చల్లారిన తరవాత థిన్నర్‌తో తడిపిన గుడ్డతో రుద్దాలి. పూత మెత్తబడి రంగు బాగా ఊడి వస్తే వేడి చాలలేదన్నమాట.

2 కిలోవాట్ల ఓవెన్ సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. పాత బీరువాకు కాయిళ్లు బిగించి పెద్ద ఓవెన్ చేస్తే అది 6 కిలోవాట్లకు, అంటే 26 ఆంపియర్లకు చేరవచ్చు. ఇంటి వైరింగు దానికి తట్టుకోదు. పొడి కాల్చిన ఓవెన్‌లో ఆ తరవాత ఎన్నడూ తినే వస్తువు చేయరాదు. కాలేటప్పుడు వచ్చే పొగ ఇంట్లో నిలవరాదు. వంటగది ఈ పనికి చోటు కాదు.

వేటికి వేయవచ్చు, వేటికి వద్దు

సైడ్ స్టాండు, బ్రేక్ పెడల్, ఫుట్‌రెస్టు బ్రాకెట్లు, చిన్న క్లాంపులు.. ఇంటి పని ఇక్కడికే పరిమితం. పెట్రోల్ ట్యాంకును ఓవెన్‌లో పెట్టే ఆలోచనే రాకూడదు. ఖాళీ చేసినా, కడిగినా లోపల ఆవిరి మిగులుతుంది, అది పేలుతుంది. షాక్ అబ్జార్బర్లలో నూనె, గ్యాసు ఉంటాయి కనుక అవీ అంతే. అల్లాయ్ చక్రాల గట్టిదనం వేడి చికిత్సతో వచ్చినది. అదుపు లేని ఓవెన్ ఆ బలాన్ని తగ్గిస్తుంది, ఆ సంగతి పైకి కనిపించదు. సైలెన్సర్ వేడికి మామూలు పొడి ఆగదు. పుట్టీ పెట్టిన చోట పుట్టీ ఉబ్బి ఊడుతుంది.

మరలు, బేరింగు కూర్చునే చోట్లు, బోల్టు బిగించే ముఖాలను వేడికి ఆగే టేపుతో మూయాలి. మామూలు టేపు మాడిపోతుంది. రెండు వైపులా 80 మైక్రాన్ల చొప్పున పూత పడితే 0.16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతమాత్రానికే బేరింగు దూరదు. బోల్టు కింద చేరిన పూత నలిగి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. ఛాసిస్‌పై ఎర్త్ వైరు బిగించే చోటును మరచిపోతే హారన్ మోగదు, లైటు వెలగదు. మెకానిక్ రోజంతా వైర్లు వెతుకుతాడు.

గాలిలో పొడి.. బొగ్గు పొడి లాంటిదే

ఈ ప్రాంతపు కార్మికులకు ఇది కొత్త సంగతి కాదు. బొగ్గు పొడి గాలిలో లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో, అందుకోసమే భూగర్భ గనుల్లో రాతి పొడిని ఎందుకు చల్లుతారో వారికి తెలుసు. 1965 మే 28న నాటి బీహార్‌లోని ధోరి గనిలో జరిగిన పేలుడులో 268 మంది మరణించారు. పూత పొడి కూడా మండే రెజిన్ ధూళే. మూసిన చిన్న గదిలో అది మబ్బులా కమ్ముకున్నప్పుడు, పక్కనే స్టవ్వు గానీ, ఎర్రబడిన ఓవెన్ కాయిలు గానీ, స్విచ్చు రవ్వ గానీ ఉంటే మండి పేలుతుంది. కొట్టే చోటు, కాల్చే చోటు వేరుగా ఉండాలి. గాలి బయటికి పోవాలి. కింద పడిన పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తీయాలి. మామూలు వాక్యూమ్ క్లీనరు మోటారులోనూ రవ్వలు వస్తాయి కనుక దాన్నీ వాడరాదు.

ఛాసిస్‌కు పూత వేయించదలచిన వారు అంత పెద్ద ఓవెన్ ఉన్న షాపుకే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఛాసిస్ నంబరు ఉన్న చోటును మూయమని గట్టిగా చెప్పాలి. బ్లాస్టింగులో అంకెలు అరిగినా, మందపు పూత కింద మూసుకుపోయినా, తనిఖీలోనూ, బండి అమ్మకంలోనూ దొంగ బండి అన్న అనుమానం వస్తుంది. పనికి ముందు, తరవాత ఆ నంబరును ఫొటో తీసి ఉంచుకోవాలి. బండి రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది. మొత్తం బండి రంగు మార్చేటట్లయితే ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.