పేగు వదిలేసింది, మూత్రపిండం వదల్లేదు

‘దూడకు ముర్రుపాలు మొదటి రోజే పట్టాలంటారు, మర్నాడు తాగితే పనికిరావా?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఆవు మాయను దాటి యాంటీబాడీలు దూడకు చేరవు. పుట్టిన మొదటి 24 గంటల్లోనే దూడ పేగు ముర్రుపాలలోని యాంటీబాడీలను అరగనివ్వకుండా రక్తంలోకి పంపుతుంది. ఆ తర్వాత దారి మూసుకుపోతుంది. ముర్రుపాలు అందని దూడలు ఎలా చచ్చిపోతాయో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ 1922లోనే చూపించారు. కాబట్టి జున్నుకు పాలు పితికే ముందు దూడ కడుపు నిండాలి.

నన్ను ఇంకా ఎక్కువగా పట్టి లాగేది మాత్రం ఎలుకపిల్ల పేగు. దూడ పేగు వచ్చినదాన్నల్లా లోపలికి వదులుతుంది. ఎలుకపిల్ల పేగు మూడు వారాలపాటు ఏరి మరీ తీసుకుంటుంది. ఏరేది ఎఫ్‌సీఆర్ఎన్ అనే ప్రొటీన్. పేగులోని రసం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. ఆ ఆమ్లంలో ఐజీజీ యాంటీబాడీ తోక దగ్గరున్న హిస్టిడిన్‌లు ఒక్కో ప్రోటాన్‌ను అందుకుని ధనావేశం తెచ్చుకుంటాయి, ఎఫ్‌సీఆర్ఎన్‌కు అతుక్కుంటాయి. కణం ఆ జంటను మోసుకుని అవతలి గట్టుకు, రక్తం వైపుకు చేరుస్తుంది. అక్కడ పీహెచ్ 7.4. ప్రోటాన్ జారిపోతుంది, పట్టు వదులుతుంది, యాంటీబాడీ రక్తంలో కలిసిపోతుంది. విడదీయడానికి వేరే ఎంజైమే అక్కర్లేదు!

వేల్స్‌లోని బాంగోర్‌లో పనిచేసిన బ్రాంబెల్ ఈ ప్రొటీన్‌ను కళ్లారా చూడకుండానే ఊహించాడు. తల్లి నుంచి బిడ్డకు యాంటీబాడీలను దాటించేదీ, రక్తంలో అవి కరిగిపోకుండా కాచేదీ ఒకే రకం గ్రాహకమన్నాడు. ఆయన 1970లో చనిపోయాడు. సిమిస్టర్, మోస్టోవ్ ఎలుకపిల్ల పేగు నుంచి దాని జన్యువును పట్టుకున్నది 1989లో. మనిషిబిడ్డకూ ఈ యాంటీబాడీలు పాలలోంచే రక్తంలోకి వస్తాయనుకున్నవారు పొరబడ్డారు. మనకవి ప్రధానంగా మాయ గుండానే, కడుపులో ఉండగానే అందుతాయి.

పాలు మానే వయసుకు ఎలుక పేగులో ఎఫ్‌సీఆర్ఎన్ బాగా తగ్గిపోతుంది. పాలచక్కెరను అరిగించే లాక్టేజ్ తగ్గి, మామూలు చక్కెరను అరిగించే సుక్రేజ్ పెరిగేదీ అప్పుడే. ఈ మార్పుకు కాలం చూసేది బ్లింప్-1 అనే ప్రొటీన్ అని 2011లో రెండు బృందాలు చుంచెలుకల్లో తేల్చాయి. అది ఉన్నంతకాలం పెద్దల జన్యువులను అణచి ఉంచుతుంది. పేగులో అది లేకుండా చేస్తే పిల్ల పేగు ముందే ముదిరిపోతుంది, పిల్లలు సరిగా ఎదగవు, చాలా చచ్చిపోతాయి కూడా. ఇదే బ్లింప్-1 బి-కణాలను యాంటీబాడీలు తయారుచేసే కణాలుగా మారుస్తుంది. తల్లిలో యాంటీబాడీ తయారీకీ, పిల్ల పేగు లేతదనానికీ ఒకే ప్రొటీన్ కాపలా కాయడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

మూత్రపిండం మాత్రం ఎఫ్‌సీఆర్ఎన్‌ను పెద్దయ్యాక కూడా ఉంచుకుంటుంది. అక్కడ పని వేరు. రక్తాన్ని వడగట్టే పొరలో యాంటీబాడీలు ఇరుక్కుంటుంటాయి, దాన్ని అంటిపెట్టుకున్న పోడోసైట్ కణాలు ఈ ప్రొటీన్‌తో వాటిని తీసిపారేస్తాయి. ఎఫ్‌సీఆర్ఎన్ లేని చుంచెలుకల్లో వయసు పెరిగేకొద్దీ ఐజీజీ ఆ వడపోతలో పేరుకుపోతుందని 2008లో తెలిసింది.

ఇక మందు సంగతి. రక్తంలో యాంటీబాడీలను కాచే ఎఫ్‌సీఆర్ఎన్‌ను అడ్డుకుని హానికర యాంటీబాడీలను తగ్గించే ఎఫ్‌గార్టిజిమాడ్‌కు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. కండరాలను నీరసపరిచే మయస్థీనియా గ్రావిస్ జబ్బుకు వాడతారు. ఆ మందు గురించి రాసేటప్పుడు బ్రాంబెల్ పేరు ఒక్క వాక్యంలోనైనా రాయాలి.