చిన్న విక్రేత – నిజాయితీ లేని కొనుగోలుదారు: ఆన్‌లైన్ వ్యాపారంలో నమ్మకం, సాక్ష్యం

1. పరిచయం

వినియోగదారుల హక్కులను గురించిన పాఠాల్లో మోసం చేసేవాడు సాధారణంగా విక్రేత, మోసపోయేవాడు కొనుగోలుదారు. ఈ పాఠంలో మనం నాణేనికి రెండో వైపు చూస్తాం. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో వస్తువులు అమ్ముకొని బతికే చిన్న విక్రేతను కొనుగోలుదారు మోసం చేస్తే ఏమవుతుంది? అది ఎందుకు సాధ్యపడుతోంది? చట్టం ఎంతవరకు తోడ్పడుతుంది? విక్రేత ముందుగా చేసుకోవలసింది ఏమిటి? పాఠం చదివిన తరవాత ఈ నాలుగు ప్రశ్నలకు మీరు మీ సొంత మాటల్లో జవాబు చెప్పగలగాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తార్నాకలో ఉండే ఒక గృహిణి పోచంపల్లి నేతకారుల దగ్గర ఇక్కత్ చీరలు కొని, ఒక మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్ముతున్నారనుకోండి. ఆమెకు దుకాణం లేదు. భోజనాల బల్ల మీదే ప్యాకింగ్ జరుగుతుంది. ఒక చీర ధర 4,000 రూపాయలు. నేతకారునికి ఇచ్చింది 3,200. వేదిక కమిషను, ప్యాకింగ్, రవాణా పోగా ఆమెకు మిగిలేది 300. పది రోజుల తరవాత ఆ చీర వాపసు వచ్చింది. పార్సిల్ విప్పితే లోపల ఉన్నది ఒక పాత పాలిస్టర్ చీర. కొనుగోలుదారుకు అప్పటికే డబ్బు తిరిగి వెళ్ళిపోయింది.

ఆమె నష్టం ఎంతో లెక్క వేద్దాం. చీర ఖరీదు 3,200, రెండు వైపులా రవాణా 200 అనుకుంటే మొత్తం 3,400. ఒక్కో చీరకు 300 చొప్పున పదకొండు చీరలు అమ్మినా వచ్చేది 3,300 మాత్రమే. అంటే పన్నెండో చీర అమ్ముడైతే తప్ప ఆ ఒక్క మోసం పూడదు. పెద్ద సంస్థకు ఇది ఖాతా పుస్తకంలో ఒక పద్దు. చిన్న విక్రేతకు ఇది ఒక నెల సంపాదన కావచ్చు.

2. చేతులు మారే క్షణం

అంగడిలో కొనుగోలు ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. కొనేవారు చీర విప్పి చూస్తారు, అంచు పట్టి చూస్తారు, బేరమాడతారు, డబ్బు ఇస్తారు, చీర తీసుకుంటారు. వస్తువు, డబ్బు, పరిశీలన మూడూ ఒకేచోట, ఒకే సమయంలో, ఇద్దరి కళ్ళ ముందు జరుగుతాయి. దీన్ని మనం ‘చేతులు మారే క్షణం’ అందాం. తరవాత తగాదా వచ్చినా, ఆ క్షణాన ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు.

ఆన్‌లైన్‌లో ఈ ఒక్క క్షణం నాలుగు ముక్కలవుతుంది. మొదటిది, విక్రేత ఇంట్లో ప్యాకింగ్. రెండోది, కొరియర్‌కు అప్పగింత. మూడోది, కొనుగోలుదారు ఇంటి దగ్గర అందజేత. నాలుగోది, వాపసు. ఈ నాలుగింటిలో ఏ ఒక్క చోటా విక్రేత, కొనుగోలుదారు ఎదురెదురుగా ఉండరు. పార్సిల్ ఎక్కడ విప్పారో, లోపల ఏముందో రెండో పక్షానికి కనిపించదు. మోసం ప్రవేశించేది ఈ సందుల్లోంచే. ఈ పాఠం మొత్తానికి ఆధారమైన విషయం ఇదే.

3. మోసపు రూపాలు

ఈ మోసాలను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు.

(అ) వస్తువు మార్పిడి: మంచి వస్తువు ఉంచుకొని, పాతదో నకిలీదో తిరిగి పంపడం. పై ఉదాహరణ ఈ రకానిదే.

(ఆ) ‘ఖాళీ పెట్టె’ ఫిర్యాదు: వస్తువు అందినా అందలేదని, పెట్టెలో ఏమీ లేదని చెప్పి డబ్బు వాపసు తీసుకోవడం. 2017లో ఢిల్లీ పోలీసులు ఒక యువకుణ్ణి ఇలాంటి ఆరోపణపై అరెస్టు చేశారు. ఖరీదైన ఫోన్లు తెప్పించుకొని, ఖాళీ పెట్టెలు వచ్చాయని చెప్పి దాదాపు 50 లక్షల రూపాయలు రాబట్టాడన్నది అభియోగం. హైదరాబాదులో కూడా వాపసు సదుపాయాన్ని దుర్వినియోగం చేశారన్న ఫిర్యాదులపై పోలీసు కేసులు నమోదయ్యాయి.

(ఇ) వాడి తిప్పి పంపడం: పెళ్ళికి చీర కట్టుకొని, మర్నాడు ‘రంగు నచ్చలేదు’ అని వాపసు పెట్టడం. దీన్ని చాలామంది మోసంగా భావించరు. కానీ చెమట మరకో సెంటు వాసనో అంటిన చీరను విక్రేత మళ్ళీ కొత్తదిగా అమ్మలేరు.

(ఈ) చెల్లింపు మోసం: ఇది సెకండ్‌హ్యాండ్ వస్తువుల వేదికల్లో ఎక్కువ. ఉస్మానియా క్యాంపస్‌లో చదువు ముగించుకొని హాస్టల్ ఖాళీ చేస్తున్న విద్యార్థి తన సైకిలు, టేబుల్ ఫ్యాను అమ్మకానికి పెట్టాడనుకోండి. ‘నేను సైన్యంలో పనిచేస్తున్నాను, బేరం అక్కర్లేదు, ఇప్పుడే డబ్బు పంపుతాను’ అంటూ ఫోను వస్తుంది. వెంటనే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. అది స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు రావలసింది పోయి, ఉన్న డబ్బు పోతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. డబ్బు అందుకోవడానికి పిన్ ఎన్నడూ అక్కర్లేదు.

4. అర్థశాస్త్రం ఏమి చెబుతుంది?

1970లో అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్ పాత కార్ల మార్కెట్టును గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. కారులో లోపం ఉందో లేదో అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియదు. ఈ స్థితినే ‘అసౌష్టవ సమాచారం’ అంటారు. మంచి కారునూ చెడ్డ కారునూ విడదీయలేక, కొనేవారు అన్నిటికీ తక్కువ ధరే ఇవ్వజూపుతారు. దాంతో మంచి కార్ల యజమానులు మార్కెట్టు నుంచి తప్పుకుంటారు. ఈ కృషికి ఏకర్లాఫ్, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లకు 2001లో నోబెల్ బహుమతి లభించింది.

వాపసు దశలో ఈ అసౌష్టవం తలకిందులవుతుంది. తిరిగి వస్తున్న పెట్టెలో ఏముందో ఇప్పుడు తెలిసింది కొనుగోలుదారుకు, తెలియనిది విక్రేతకు. ఎవరు నిజాయితీపరులో, ఎవరు కారో ముందుగా విడదీయలేక, విక్రేత అందరి మీదా కొంత ధర పెంచుతారు, లేదా క్యాష్ ఆన్ డెలివరీ మానేస్తారు, లేదా వ్యాపారమే మానుకుంటారు. అంటే కొద్దిమంది చేసిన మోసానికి మూల్యం చెల్లించేది చిన్న విక్రేత, ఆ తరవాత నిజాయితీగల కొనుగోలుదారులు.

5. చట్టం ఏమి చెబుతుంది?

వస్తు విక్రయ చట్టం, 1930: సెక్షన్ 41 ప్రకారం, ముందుగా చూడని వస్తువును పరిశీలించే సముచితమైన అవకాశం కొనుగోలుదారుకు ఉండాలి. ఇది న్యాయమైన హక్కు. అయితే సెక్షన్ 42 ప్రకారం, వస్తువు తన సొంతమన్నట్టుగా కొనుగోలుదారు ప్రవర్తిస్తే దాన్ని స్వీకరించినట్టే లెక్క. చీర మడత విప్పి చూడటం పరిశీలన. పెళ్ళికి కట్టుకోవడం స్వీకరణ అని వాదించవచ్చు. కానీ సెక్షన్ 62 వల్ల ఇటువంటి హక్కులను, బాధ్యతలను ఒప్పందం ద్వారా మార్చుకోవచ్చు. మార్కెట్‌ప్లేస్ వాపసు విధానం అలాంటి ఒప్పందమే. అందువల్ల చట్టం కంటే ముందు చదవవలసింది, మీరు వేదికతో చేసుకున్న ఒప్పందాన్ని.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019: తిరిగి అమ్మడానికి కొనేవారు ఈ చట్టం ప్రకారం వినియోగదారు కారు. ఈ చట్టం కింద 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు, వినియోగదారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని వేదికలను ఆదేశిస్తాయి. వస్తువు లోపభూయిష్ఠంగా ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా దాన్ని వెనక్కి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదు. అంటే ఆ గడువులు కొనుగోలుదారు ఫిర్యాదుకు సంబంధించినవి. కొనుగోలుదారే మోసం చేసినప్పుడు విక్రేత చేసే ఫిర్యాదుకు ఆ నియమాలు అటువంటి గడువు పెట్టలేదు. చిన్న విక్రేత స్థితిలో ఉన్న అసలు లోటు ఇది.

భారతీయ న్యాయ సంహిత, 2023: 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టంలో సెక్షన్ 318 మోసాన్ని నిర్వచిస్తుంది. నమ్మించి ఆస్తిని అప్పగించేలా చేసే మోసానికి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. నమ్మించిన సమయానికే మోసపు ఉద్దేశం ఉండాలి. వస్తువు నచ్చక గొడవపడటం సివిల్ తగాదా. తెలిసి వేరే వస్తువు పెట్టి డబ్బు తీసుకోవడం నేరం. మారువేషంలో, అంటే ఇంకొకరినని చెప్పుకొని, ఫోను లేదా కంప్యూటరు ద్వారా మోసం చేస్తే సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 66డి కూడా వర్తిస్తుంది.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి? కొనుగోలుదారు గువాహటిలో ఉన్నా మీరు అక్కడికి వెళ్ళనక్కరలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023లోని సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో సంతకం చేయాలి. ఖాతా నుంచి డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. చిన్న మొత్తాల తగాదాలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. లోక్ అదాలత్‌లో ఇరుపక్షాల రాజీతో వెలువడిన అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

6. సాక్ష్యం ముందుగా తయారు చేసుకోవాలి

చట్టాలు ఉన్నాయి. అయినా 3,400 రూపాయల కోసం కోర్టు మెట్లు ఎక్కేవారు తక్కువ. కాబట్టి చాలా తగాదాలు వేదికలోని ఫిర్యాదు విభాగంలోనే తేలిపోతాయి. అక్కడ మీ మాటకు, కొనుగోలుదారు మాటకు మధ్య తేడా చూపేది సాక్ష్యమే. ముక్కలైన ‘చేతులు మారే క్షణాన్ని’ మళ్ళీ అతకడానికి నాలుగు చోట్లా నాలుగు పనులు చేయాలి.

ప్యాకింగ్ దగ్గర: ఆర్డరు నంబరు ఉన్న లేబుల్ కనిపించేలా, మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయాలి. ఫోను, మిక్సీ వంటి వాటికి సీరియల్ నంబరు ఉంటుంది. చీరకు ఉండదు. కానీ ఇక్కత్ చీరకు ఒక సౌలభ్యం ఉంది. నూలును ముందే కట్టి రంగులద్ది ఆ తరవాత నేస్తారు కనుక, నమూనా అంచుల్లో రంగు కొద్దిగా చెదురుతుంది. ఆ చెదురు రెండు చీరల్లో అచ్చంగా ఒకేలా ఉండదు. కొంగు దగ్గర తీసిన స్పష్టమైన ఫోటో ఆ చీరకు వేలిముద్ర వంటిది. తెంచితే మళ్ళీ అతకని ట్యాగు ఒకటి చీరకు కడితే, వాడి తిప్పి పంపడం కూడా తగ్గుతుంది.

అప్పగింత దగ్గర: పార్సిల్ బరువు తూచి రాసుకోవాలి, కొరియర్ రసీదు భద్రపరచాలి. పట్టు చీర వెళ్ళి పాలిస్టర్ చీర వస్తే బరువులో తేడా చాలాసార్లు పట్టిస్తుంది.

అందజేత దగ్గర: ఖరీదైన వస్తువులకు ఓటీపీ చెప్పాకే పార్సిల్ ఇచ్చే సదుపాయం ఉంటే ఎంచుకోవాలి.

వాపసు దగ్గర: పార్సిల్ విప్పకముందే సీలు, లేబుల్, బరువు కనిపించేలా వీడియో మొదలుపెట్టాలి. తేడా ఉంటే వేదిక పెట్టిన గడువులోపలే ఫిర్యాదు చేయాలి. గడువు దాటిన తరవాత ఎంత బలమైన సాక్ష్యమైనా వేదిక దగ్గర పనికి రాకపోవచ్చు.

ఆ వీడియోల అసలు ఫైళ్ళను కత్తిరించకుండా అలాగే ఉంచాలి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేసేటప్పుడు నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. వాట్సాప్‌లో చేతులు మారిన నకలు కంటే అసలు ఫైలు ఉన్న ఫోను మేలు.

7. ఒక హెచ్చరిక

ఈ పాఠం చదివి ప్రతి వాపసునూ మోసంగా చూడకండి. కొలత సరిపోక, ఫోటోలోని రంగుకూ అసలు రంగుకూ తేడా ఉండి తిప్పి పంపేవారు మోసగాళ్ళు కారు. మన దేశంలో 1986లో తొలి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చిందంటే, కొనేవారికి అటువంటి రక్షణ అవసరమైంది కనుకనే. ఆ రక్షణ ఉండి తీరాలి. వాపసుకు కారణం ముందుగా అడగండి. మీ ప్రకటనలో తప్పుంటే సరిదిద్దుకోండి.

అలాగే కోపంలో కొనుగోలుదారు ఫోటో, ఫోను నంబరు, చిరునామా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి ‘దొంగ’ అని రాయకండి. బాధితులైన మీరే పరువునష్టం కేసులో ముద్దాయి కావలసి రావచ్చు. ఆ వివరాలు ఇవ్వవలసింది వేదికకు, పోలీసులకు మాత్రమే.

8. సారాంశం

ముఖాముఖి వ్యాపారంలో ఒకే క్షణంలో జరిగే మార్పిడి ఆన్‌లైన్‌లో నాలుగు ముక్కలవుతుంది. ఆ సందుల్లో సమాచారం ఒకరి దగ్గరే ఉండిపోతుంది, అక్కడే మోసానికి చోటు దొరుకుతుంది. చట్టం మోసాన్ని నేరంగా గుర్తించినా, ఈ-కామర్స్ నియమాల్లోని గడువులు కొనుగోలుదారు వైపే ఉన్నాయి. నియమాలు మారేవరకు చిన్న విక్రేతకు దగ్గరి రక్షణ ముందుగా తయారు చేసుకున్న సాక్ష్యమే. తార్నాకలోని ఆ గృహిణి రెండు నిమిషాల వీడియో తీసి ఉంటే, ‘నేను పంపింది ఈ చీర, నాకు వచ్చింది ఆ చీర’ అని చెప్పడంతో ఆగకుండా చూపించగలిగేవారు.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘చేతులు మారే క్షణం’ ఆన్‌లైన్‌లో ఎన్ని దశలుగా విడిపోతుంది? ప్రతి దశలోనూ జరగగల ఒక మోసాన్ని పేర్కొనండి.

2. ఏకర్లాఫ్ చెప్పిన అసౌష్టవ సమాచారం వాపసు దశలో ఎలా తలకిందులవుతుందో వివరించండి.

3. వస్తువును పరిశీలించడానికీ స్వీకరించడానికీ మధ్య తేడాను 1930 చట్టం ఆధారంగా చర్చించండి.

4. మీ ఊళ్ళో ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మే ఒకరితో మాట్లాడండి. వారికి వచ్చిన వాపసుల్లో ఏవి న్యాయమైనవో, ఏవి కావో, ఆ నిర్ణయానికి వారి దగ్గర ఉన్న సాక్ష్యం ఏమిటో ఒక పేజీలో రాయండి.