ఆరోగ్యకేంద్రములకు సౌరవిద్యుత్తు

భిలాయి పేరు వినగానే తెలుగువారికి స్ఫురించునది ఉక్కు. సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడిక ననుసరించి అచ్చట కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి కొలిమిని ప్రారంభించిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి పనికై పోయి అచ్చటనే స్థిరపడిన కుటుంబములు అనేకము. కర్మాగారపు అవసరములకు ప్రత్యేకముగా విద్యుత్కేంద్రములే కలవు. అట్టి నగరమునుండి కొన్ని గంటలు దక్షిణముగా ప్రయాణము చేసి అడవిపల్లెలకు పోయినచో, రాత్రివేళ కాన్పు చేయు నర్సు టార్చిలైటు వెలుగున పనిచేసిన రోజులు అంత దూరపువి కావు.

ఇంటిలో దీపము ఆరిపోయిన అసౌకర్యము మాత్రమే. ఆరోగ్యకేంద్రమున ఆరిపోయినచో అపాయము. టీకామందులను 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గల చల్లదనమునందే నిలువయుంచవలెను. పోలియో చుక్కలు వేడికి చెడును. హెపటైటిస్-బి వంటి మందులు గడ్డకట్టినను పనికిరావు. చెడిన మందు చూపునకు మంచి మందువలెనే యుండును, అందులోనే ప్రమాదమున్నది. అప్పుడే పుట్టిన శిశువునకు వెచ్చదనమిచ్చు సాధనము, నోటిలోని ఉమ్మనీటిని తీయు యంత్రము, ఆమ్లజని యంత్రము, ఇవన్నియు విద్యుత్తుపై ఆధారపడినవే. చాలిన విద్యుత్తు లేనట్టి, లేక బొత్తిగా లేనట్టి వైద్యాలయములపై ప్రపంచమున సుమారు 100 కోట్లమంది ఆధారపడియున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఈ చిక్కునకు ఒక మార్గము కనిపెట్టినది. ఆ రాష్ట్రపు పునరుత్పాదక శక్తి అభివృద్ధి సంస్థ (క్రెడా) 2012, 2016 సంవత్సరముల నడుమ సుమారు 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఒక్కొక్కచోట 2 కిలోవాట్ల సౌరఫలకములను, బాటరీలతో సహా, అమర్చినది. తరువాత ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థవారు 147 కేంద్రములను పరిశీలించి, 2017లో నివేదిక వెలువరించిరి. విద్యుత్తు కొరతతో బాధపడుచు సౌరసాధనము లేని కేంద్రములకంటె, అది గల కేంద్రములలో బయటిరోగుల సంఖ్య సగమునకు పైగా హెచ్చుగను, నెలసరి కాన్పులు దాదాపు రెట్టింపుగను ఉన్నవని తేలినది. ఇది యంతయు సూర్యుని చలవయే యనుట సరికాదు. నర్సు నిలకడగా ఉన్నచోటికే జనము వత్తురు. కాని దీపము, పంకా లేనిచోట నర్సు మాత్రము ఎట్లు నిలుచును?

2 కిలోవాట్లనగా ఎంత? మన ఎండలో ఒక కిలోవాటు ఫలకములు సగటున రోజుకు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. దానికి సుమారు 100 చదరపు అడుగుల కప్పు కావలెను. రెండింటికి 8 యూనిట్లు; బాటరీలోను, ఇన్వర్టరులోను పోవునది పోగా 6 యూనిట్లు మిగులునని లెక్కించుట క్షేమము. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు పదింటిని 12 గంటలు వెలిగించినను యూనిట్టునకు కొంచెము మించును. 70 వాట్ల పంకాలు నాలుగు అంతసేపే తిరిగినచో 3 యూనిట్లకు పైబడును. శిశువు వెచ్చదనపు సాధనము 600 వాట్లదైనచో రెండు గంటలకు 1.2 యూనిట్లు. టీకామందుల పెట్టెకు మిగులునది స్వల్పము. ఇక ఎవరైనను నీళ్లు కాగబెట్టుటకు హీటరు తగిలించినచో ఆ రాత్రి లెక్క తప్పినట్లే. కావున టీకాల పెట్టెకును, ప్రసవపు గదికిని వేరుగా తీగలు వేయించి, తక్కినవానిని అందు కలుపకుండుట మంచిది.

పట్టణములలోని పెద్ద ఆసుపత్రులు, పాఠశాలలు, కర్మాగారములు తమ కప్పులపై పెట్టుకొనునది సామాన్యముగా మరొక రకము. ఇందు బాటరీ యుండదు. ఫలకముల విద్యుత్తు నేరుగా సర్కారు తీగలతో కలియును. బిల్లు తగ్గును. కాని కరెంటు పోయినప్పుడు మిట్టమధ్యాహ్నమైనను ఈ సాధనము తనంతట తానే ఆగిపోవును. తీగలపై పనిచేయు లైనుమనుష్యుడు ప్రాణాపాయమునకు లోనుగాకుండుటకై దీనిని బుద్ధిపూర్వకముగానే ఇట్లు నిర్మింతురు. ఈ సంగతి కొనునప్పుడు చెప్పువారు అరుదు. సౌరఫలకములున్నవను ధైర్యముతో పాత జనరేటరును అమ్మివేసిన ఆసుపత్రి మొదటి గాలివానకే చిక్కులో పడును. శస్త్రచికిత్స జరుగుచోట బాటరీ కాని, జనరేటరు కాని తప్పక ఉండవలెను.

భిలాయి వంటి ఊరిలో దుమ్ము మరొక శత్రువు. ఇనుపరాతి ఎర్రదుమ్ము, బొగ్గుమసి, బూడిద ఫలకములపై పొరగా పేరుకొనిన కొలది విద్యుత్తు తగ్గును. వేసవిలో వానలు లేనందున ఈ పొర దానంతట పోదు. వారమునకు ఒకసారియైనను తెల్లవారుజామున మంచినీటితో, మెత్తని గుడ్డతో కడుగవలెను. ఎండలో కాగిన అద్దముపై చన్నీరు పోసినచో అది పగులవచ్చును. ఉప్పునీరైనచో తెల్లని మరకలు మిగులును. మండువేసవిలో విద్యుత్తు హెచ్చునని తలచుట కూడ పొరపాటే. ఫలకము 25 డిగ్రీలకు మించి కాగినకొలది, డిగ్రీకి సుమారు నూటికి 0.4 వంతున దాని శక్తి తగ్గును. అందుచే ఫలకములను కప్పునకు అంటించక, క్రింద గాలి యాడునట్లు ఎత్తుగా బిగింతురు.

ఎక్కువచోట్ల సాధనము మూలబడుటకు కారణము ఫలకములు కావు. అవి 25 ఏండ్ల వరకు మన్నును. సీసపు బాటరీలు ఐదారేండ్లకే మార్చవలసివచ్చును. ఆ సొమ్ము మొదటినుండియే వేరుగా తీసియుంచని కేంద్రమున ఫలకములు పైన మెరయుచునే యుండును, క్రింద చీకటి. బాటరీలో శుద్ధజలము తగ్గకుండ నెలనెలా చూచుట ఎవరి పనియో పేరుపెట్టి అప్పగింపవలెను. అందరి పనియైనది ఎవరును చేయరు. ఛార్జి అగునప్పుడు మండు స్వభావముగల ఉదజని వెలువడును గనుక బాటరీ గదికి కిటికీలుండవలెను, అందు బీడి కాల్చరాదు, రోగులను పరుండబెట్టరాదు.

పాతబాటరీని పాతసామానుల వానికి అమ్మరాదు. పెరటిలో దానిని పగులగొట్టి కరగించునప్పుడు సీసము పొగగను, ధూళిగను లేచి, చుట్టుప్రక్కల పిల్లల నెత్తురులో చేరి వారి మెదడునకు హాని చేయును. వాడిన బాటరీలను సేకరింపజేయు బాధ్యతను 2022 నాటి నియమములు ఉత్పత్తిదారులపైననే ఉంచినవి. క్రొత్తది కొనునాడే పాతదానిని అమ్మకపుదారునకు అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను.