అయస్కాంత బలరేఖలు



సూదంటురాయి యినుమును తాకకయే లాగునని మీరెఱుగుదురు. ఆ లాగుటను వివరించుటకు శాస్త్రజ్ఞులు బలరేఖలను మాట వాడుదురు. ఈ మాటను నేను పాఠశాలలో పెక్కేండ్లు తప్పుగా బోధించితిని.

దండాయస్కాంతముపై కాగితము పఱచి, ఇనుపరజను చల్లి, వ్రేలితో మెల్లగా తట్టినచో రజను వంకరచాళ్లుగా నేర్పడును. "ఇవియే బలరేఖలు" అనెడివాడను. ఒకనాడు వెనుకబల్లమీది బాలుడొకడు లేచి, "ఈ చాళ్ల సందులలో బలము లేదా అండీ?" అని యడిగెను. "లేదు, కూర్చుండుము" అంటిని. వాడు మాఱుపలుకక కూర్చుండెను.

ఆ రాత్రి నాకే సందేహము కలిగి యింట నాపని చేసి చూచితిని. రజను దులిపి మరల చల్లి తట్టగా చాళ్లు వేఱుచోట్ల నేర్పడినవి! మొదట వట్టిగానున్న సందులో నిపుడొక చాలు! సందులలో చిన్న దిక్సూచి నుంచినను ముల్లు తిరిగి యొక దిక్కున నిలిచినది. బలమంతటను గలదు. రజనులో ప్రతికణమును చిన్న యయస్కాంతమై కొనతో కొన నంటుకొనును. ప్రక్కప్రక్కనున్న చాళ్లొకదానినొకటి త్రోయును. సందులకు కారణమిదియే.

మఱి రేఖ యనగా నేమి? దిక్సూచి యుత్తరపుకొన చూపు దిక్కు ననుసరించుచు మనమూహించి గీయు గీత. అక్షాంశరేఖ కాలికి తగిలి యెవరును బోర్లపడలేదు గదా! అయినను గీత వలన లాభము మెండు. ధ్రువములవద్దవలె బలము హెచ్చినచోట గీతలు దట్టమగును. రెండు గీతలొకదానినొకటి ఖండింపవు; ఒకేచోట ముల్లు రెండుదిక్కులు చూపజాలదు గనుక.

1831 నుండియు నీ రేఖలతో నాలోచించిన ఫారడే కమ్మరి కుమారుడు, పుస్తకములకు అట్టలు కట్టుపని నేర్చినవాడు. 1852లో నాతడీ రేఖలు నిజముగా నున్నవనియే వాదించెను. నాకు గొప్పతోడే దొరికెననుకొంటిని గాని, సందులలో బలము లేదని యాతడెన్నడు ననలేదు. పిదప మాక్స్‌వెల్ యాతని యూహలకు గణితరూప మొసగెను.

మఱునాడు తరగతిలో నా తప్పు చెప్పి, రజను పొట్లము నా బాలునిచేతికే యిచ్చి రెండుమాఱులు చల్లించితిని. వాడూరకుండునా! "రేఖ ధ్రువమువద్ద తెగునా అండీ?" అనెను. కుట్టుసూదిని సూదంటురాయితో రుద్ది రెండుగా విఱిచితిని. విఱిగినచోట రెండు క్రొత్తధ్రువములు వెలసినవి. ముక్క ముక్కకును రెండేసి ధ్రువములు! రేఖ వెలుపల ఉత్తరధ్రువమునుండి దక్షిణధ్రువమునకు పోయి, లోపల దక్షిణమునుండి యుత్తరమునకు మరలి వచ్చును, ఎచ్చటను తెగదు. సూదిముక్కలను వాడు కాగితమున చుట్టి యింటికి కొనిపోయెను.